నాలుగున్నర దగ్గర చుక్క

అద్దెకు వెళ్ళిన లెన్సు తిరిగి వస్తే దాన్ని చూడటానికి నాకు ఎనిమిది నిమిషాలు పట్టేది. పెద్ద లెన్సయితే పదకొండు. ఈ లెక్క నన్నెవరూ అడగలేదు, ఫోనులో టైము పెట్టుకుని నేనే చూసుకున్నాను. పెళ్ళిళ్ళ రోజుల్లో పొద్దున్న ఏడింటికి షట్టరు ఎత్తేసరికి మెట్ల మీద నలుగురైదుగురు ఫోటోగ్రాఫర్లు కూర్చుని ఉంటారు. నిద్ర లేక ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయి ఉంటారు. చొక్కా మడతల్లో అక్షింతల బియ్యం ఇంకా ఉంటుంది. ఇంటికి పోయి పడుకోవాలని ఉంటుంది వాళ్ళకి. ఈ మధ్య నాకూ అలాగే ఉంటోంది, అదీ దుకాణం తెరవకముందే. అయినా ఎనిమిది నిమిషాల్లో ఒక్క నిమిషం తగ్గించడం నా చేతకాలేదు.

విజయనగరంలో గంటస్తంభం వెనక సందులో నాది ఒక గది దుకాణం. కెమెరాలు, లెన్సులు, లైట్లు, స్టాండ్లు అద్దెకిస్తాను. అంతకు ముందు పద్దెనిమిదేళ్ళు ఒక మిల్లులో కాటా దగ్గర పనిచేశాను. మిల్లు మూతపడ్డాక ఇందులోకి వచ్చాను. ఫోటో తీయడం నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు. లెక్క పెట్టడం వచ్చు. అదీ ఎవరూ నేర్పింది కాదు, కాటా ముల్లు చూసి చూసి అబ్బింది.

నా దగ్గర లెన్సులు పద్నాలుగు. వాటిలో అయిదు పెద్దవి, మూరెడు పొడుగున తెల్లగా ఉంటాయి. మండపానికి అవతలి చివర నిలబడి పెళ్ళికూతురి కనురెప్పలు పట్టుకోవచ్చు వాటితో. కొనే స్తోమత ఇక్కడి ఫోటోగ్రాఫర్లలో ఎక్కువమందికి లేదు కాబట్టే నా దుకాణం నడుస్తోంది.

మా వైపు గాలిలో తేమ ఎక్కువ. లెన్సు లోపలి అద్దాల మధ్యకి తేమ చేరితే బూజు పుడుతుంది. మొదట ఒక చుక్క. తర్వాత ఆ చుక్కకి దారాలు మొలుస్తాయి. పైనుంచి తుడిస్తే పోదు, లెన్సు విప్పాలి. విప్పిన లెన్సు మళ్ళీ మునుపటిలా ఉండదు. అందుకే నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఒక్కో లెన్సుకి ఒక్కో కాగితం. కాగితం మీద గడియారంలా ఒక గుండ్రం, చుట్టూ పన్నెండు అంకెలు. లెన్సులో ఎక్కడ దుమ్ము రేణువు ఉంటే ఆ అంకె దగ్గర పెన్సిల్‌తో చుక్క. కింద తేదీ, నా సంతకం, పట్టుకెళ్ళినవాడి సంతకం.

చిన్న లెన్సులని చేత్తో పట్టుకుని కిటికీ వెలుతురులో చూస్తాను. పెద్ద లెన్సులకి ఇంకాస్త జాగ్రత్త. చెక్కతో ఒక పీట చేయించాను. లెన్సు మీద ఎర్రటి గుర్తు ఉంటుంది కదా, అది పన్నెండు దగ్గరికి వచ్చేలా పీటలో కూర్చోబెట్టాలి. ఆ తర్వాత లెన్సు తిప్పకూడదు. తిప్పితే చుక్కల అంకెలు మారిపోతాయి, పాత కాగితంతో పోలిక కుదరదు. ఇది నేను పెట్టిన రూలే, ఎన్నడూ తప్పలేదు. లెన్సు వెనక బల్బు, బల్బు ముందు నల్ల అట్ట, అట్టకి సూదితో ఒక బెజ్జం. వెలుతురు ఎంత సన్నగా వస్తే రేణువులు అంత బాగా తెలుస్తాయి. ఇవతల గడ్డం ఆనించడానికి ఒక కర్రముక్క. కుడికన్ను మాత్రమే వాడతాను. ఎవరైనా చూసి నవ్వితే నవ్వేవారు గానీ, నా చుక్కని కాదన్నవాడు లేడు.

పొందూరు అవతల ఒక పల్లె నుంచి వచ్చే ఫోటోగ్రాఫర్ ఒకడున్నాడు. ముప్ఫై అయిదు దాటి ఉంటాయి. కొంచెం వరి, కొంచెం మెట్ట, మిగతా రోజుల్లో పెళ్ళిళ్ళు. చుట్టరికం ఏమీ లేకపోయినా నన్ను మావా అంటాడు. ఎనిమిదేళ్ళలో నా దగ్గర నూట నలభై మూడుసార్లు లెన్సు పట్టుకెళ్ళాడు. ఒక్క చుక్క పెరగలేదు. అలా తెచ్చేవాడు నా దగ్గర ఇంకొకడు లేడు.

పోయిన మాఘంలో అతను పెద్ద లెన్సు తిరిగి తెచ్చిన పొద్దున్న, గడ్డం కర్ర మీద ఆనించి చూస్తే నాలుగుకీ అయిదుకీ మధ్య ఒక చుక్క కనబడింది. కాగితం చూశాను. అక్కడ ఏమీ లేదు.

"నాలుగున్నర కాడ సుక్క ఉన్నాది," అన్నాను.

"ఏటి మావా, దుమ్మేటి?"

"దుమ్ము కాదురా. అంచు మెత్తగా ఉన్నాది. బూజు మొదలు."

అతను వంగి గడ్డం ఆనించి చూశాడు. చాలాసేపు చూశాడు.

"కనబడిందా?"

"నువ్వు ఉన్నాదన్నావు గదా. ఉంటాది."

"అలా కాదు. సూసి సెప్పు."

మళ్ళీ వంగాడు. ఈసారి తొందరగానే లేచాడు. "ఆఁ. ఉన్నట్టే ఉన్నాది మావా. సన్నగా."

"ఇంటికాడ ఎక్కడెట్టినావు?"

"ఎప్పుడూ ఎట్టినకాడే, బీరువా మీద." కొంచెం ఆలోచించాడు. "ఈ మంచుకి బట్టలు బయట ఆరక మా ఇంటిది ఆ గదిలోనే తడిబట్టలు ఆరేస్తన్నాది. అదేనేటో మరి."

కారణం దొరికేసరికి నాకు మనసు కుదుటపడింది. మిల్లులో కూడా తూకం తేడా వస్తే కారణం వెతికేవాళ్ళం. ఒకటి దొరికితే రెండోదాని కోసం ఎవరూ చూసేవారు కాదు.

పెద్ద లెన్సులో బూజు తెచ్చినవాడికి ఆరు నెలలు పెద్ద లెన్సు ఇవ్వకూడదని ఇంకో రూలు ఉంది. అదీ నాదే. అతను కాగితం మీద సంతకం పెట్టి చిన్న లెన్సు ఒకటి పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నెలన్నరలో మిగిలిన నాలుగు పెద్ద లెన్సుల్లోనూ ఒక్కొక్క చుక్క వచ్చింది. ఒక లెన్సు బూజు పక్క లెన్సుకి పాకుతుందని మా పనిలో అందరూ అంటారు. అన్నీ ఒకే బీరువాలో ఉన్నాయి కదా. ఆ నాలుగూ తెచ్చిన నలుగురూ "మేమేటి సేసినాం?" అని అడిగారు. "మీరు కాదులే. పొందూరు నుంచొచ్చిన లెన్సుతోటి నా బీరువాలోకి దిగింది," అని చెప్పాను. ఆ మాట నాలుగుసార్లు అన్నాను. కాగితాలు నాలుగు కాబట్టి లెక్క తప్పే వీలు లేదు.

నలుగురికి చెబితే అందరికీ తెలిసినట్టే. ఒకరోజు దుకాణం మెట్ల మీద అతను సంచి దించుతుంటే గరివిడి నుంచి వచ్చే కుర్రాడొకడు తన సంచి దూరంగా లాక్కుని, "ఒరే, ఈడి పక్కన బేగు ఎట్టకండ్రా, బూజు దూకేస్తాది," అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. అతనూ నవ్వాడు గానీ ఆ తర్వాత మెట్ల మీద కూర్చోవడం మానేశాడు. ఎదురుగా టీకొట్టు దగ్గర నిలబడి, అందరూ వెళ్ళిపోయాక వచ్చేవాడు.

వైశాఖంలో ఫోను చేశాడు.

"మావా, శ్రీకూర్మంలో పెళ్ళి ఒప్పుకున్నాను. పెద్ద కుటుంబం, మండపం సుట్టూ జనం మూగేస్తారు. పెద్ద లెన్సు ఒక్క పూటకియ్యి."

"ఆరు నెలలన్నాను గదా. ఇంకా మూడు నెలలున్నాయి."

"పోనీ నువ్వే రా. లెన్సు నువ్వే పట్టుకుని నా పక్కన కూకో. అవ్వగానే నువ్వే పట్టుకెళ్ళిపో."

"నీ ఒక్కడికి మారిస్తే మిగిలినోళ్ళకేటి సెప్పను?"

"సర్లే మావా," అని పెట్టేశాడు.

తర్వాత తెలిసింది. చిన్న లెన్సుతో మండపం దగ్గరికి వెళ్ళక తప్పలేదట. అడ్డం వస్తున్నాడని పెద్దవాళ్ళు మూడుసార్లు కసిరి వెనక్కి పంపారట. తాళి కట్టే ఫోటోలో ఎవరిదో వీపు పడింది. ఆ ఇంట్లోనే కొన్ని నెలల్లో ఇంకో పెళ్ళి ఉంది. ఆ పని వేరేవాళ్ళకిచ్చారు.

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. రోజుకి ఒకరో ఇద్దరో వస్తారు, అదీ రీల్సు తీసుకునేవాళ్ళు. వానలకి కాగితాలు మెత్తబడి అంచులు చివికిపోతుంటే అన్నీ ఒక లావు పుస్తకంలోకి ఎక్కిద్దామని కూర్చున్నాను. పెద్ద లెన్సుల కాగితాలు అయిదూ బల్ల మీద పక్కపక్కన పరిచాను. అంతవరకూ వాటిని అలా పక్కపక్కన చూసిన రోజు లేదు. ఏ లెన్సు కాగితం ఆ లెన్సు పెట్టెలోనే ఉంటుంది.

అయిదింటిలోనూ కొత్త చుక్క నాలుగున్నర దగ్గరే ఉంది.

బూజు పాకితే పాకవచ్చు. కానీ ఒక్కో లెన్సులో ఒక్కో చోట పడాలి. గుండ్రానికి అరగంటల చొప్పున ఇరవై నాలుగు చోట్లు. మొదటి చుక్క ఎక్కడైనా పడనీ, మిగిలిన నాలుగూ సరిగ్గా దాని చోటే పడాలంటే ఇరవై నాలుగుని నాలుగుసార్లు వేసి హెచ్చించాలి. కాగితం వెనక వేసి చూశాను. మూడు లక్షల ముప్ఫై ఒక్క వేల ఏడువందల డెబ్బై ఆరు. అన్నిసార్లలో ఒకసారి జరిగేది నా బీరువాలో జరిగింది. మళ్ళీ హెచ్చించాను. అదే వచ్చింది.

లేచి పొందూరు లెన్సు తీశాను. దాన్ని వేరుగా ఒక రేకు డబ్బాలో పెట్టి ఉంచాను. పీటలో కూర్చోబెట్టి, బల్బు వేసి, చూశాను. నాలుగున్నర దగ్గర చుక్క ఉంది. అప్పుడు చేయకూడని పని చేశాను. ఎర్రగుర్తు పన్నెండు నుంచి మూడుకి వచ్చేలా లెన్సు తిప్పాను. పాత దుమ్ము రేణువులు ఏడూ దాంతో పాటు తిరిగాయి. నాలుగున్నర చుక్క మాత్రం కదలలేదు.

ఎడమకన్నుతో చూశాను. లేదు. నల్ల అట్ట మీది సన్నటి వెలుతురుని లెన్సు లేకుండానే కుడికన్నుతో చూశాను. ఉంది.

బల్బు ఆపేశాను. ఎవరో వచ్చి ట్రైపాడ్ అడిగితే ఇచ్చాను. సంతకం తీసుకోవడం మరిచిపోయాను.

కంటి డాక్టరు శుక్లం మొదలైందన్నారు. చిన్నది, ఒక పక్కన ఉంది, ఏడాది ఆగినా పరవాలేదన్నారు. "చూపు మసకబారితే గానీ ఎవరూ రారు. ఇంత చిన్నప్పుడే మీకెలా తెలిసింది?" అని అడిగారు. లెక్కలో తేలిందని చెప్పలేక చీటీ తీసుకుని వచ్చేశాను.

ఆ తర్వాత పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆరు నెలల్లో అయిదు గడిచిపోయాయి. ఇంకో నెల ఆగితే రూలు ప్రకారమే అతనికి పెద్ద లెన్సు ఇచ్చేయవచ్చు. కాగితాల మీద చుక్కలు చెరిపేయవచ్చు, పెన్సిల్ చుక్కలే కదా. నా దుకాణంలో లెన్సుల కంటే ముందు అద్దెకు పోయేది నా కన్ను. చుక్క ఉందని నేనంటే ఉంది, లేదంటే లేదు. అందులోనే మచ్చ ఉందని చెబితే రేపు ఎవడు సంతకం పెడతాడు? ఇలా అనుకుంటూ రోజూ షట్టరు ఎత్తేవాడిని, దించేవాడిని. ఏ పనీ లేకపోయినా సాయంత్రానికి కాళ్ళు లాగేసేవి. పన్నెండో రోజున పొద్దున్నే పాసింజరు ఎక్కి పొందూరులో దిగి ఆటోలో వాళ్ళ పల్లెకి వెళ్ళాను. అతను సంతకం పెట్టిన కాగితం కవరులో పెట్టుకుని వెళ్ళాను.

అతని భార్య అరుగు మీద చేటలో పెసలు ఏరుతోంది. నన్నెప్పుడూ చూడలేదు. నేనెవరో చెప్పాను.

"ఓహో. సుక్కల మావ మీరేనేటి," అని లోపలికి కేక వేసింది. "ఒచ్చీ ఇటు. మీ మావొచ్చినాడు. మళ్ళీ ఏ సుక్క దొరికిందో."

అతను తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. మంచం వాల్చాడు. నేను కూర్చోకుండానే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనేమో అనిపించింది. అయిదు కాగితాల సంగతి, లెన్సు తిప్పిన సంగతి, డాక్టరు మాట, అన్నీ వరసగా చెప్పాను. అతను కాగితం తీసుకుని తన సంతకం వైపు చూశాడు.

"అయితే మావా, నాకెలా కనబడింది?"

"ఏటి?"

"ఆ రోజు రెండోసారి సూసినప్పుడు నాకూ కనబడింది. ఒట్టు. నాలుగున్నర కాడ, సన్నగా."



"కనబడకేం," అంది అతని భార్య, చేట దించకుండానే. "పెద్దాయన ఉన్నాదంటే ఈయనకి దెయ్యవైనా కనబడతాది. మరి నా సంగతేటి? తడిబట్టల వల్లే అనీసి అయిదు నెలల్నుంచి ఇంట్లోన తువ్వాలు కూడా ఆరెయ్యనివ్వలేదు. ఈ వానల్లో నా సీరలు పశువుల సాలలో ఆరతన్నాయి. ఒకటి గేదె నమిలీసింది. అది కూడా రాసుకోండి మీ కాగితం మీద."

"ఊరుకోయే," అన్నాడు అతను.

"నువ్వూరుకో. ఆ పెట్టె సూపించు మీ మావకి."

అతను సిగ్గుపడుతూ లోపలికి తీసుకెళ్ళాడు. బీరువా మీద ప్లైవుడ్ పెట్టె ఉంది. లోపల చిన్న బల్బు, తలుపు అంచుకి రబ్బరు, తేమ చూపించే మీటరు. అంతా తన చేత్తోనే చేసుకున్నాడు. పెట్టెలో ఏమీ లేదు. పెద్ద లెన్సు పట్టేటంత పొడుగు కొలిచి చేశాడు.

"ఆరు నెలలయ్యాక పనికొస్తాదని సేసినాను మావా," అన్నాడు.

మీటరు చూశాను. తేమ నలభై అయిదు. నా బీరువాలో ఎప్పుడూ యాభై దాటే ఉంటుంది.

బయటికొచ్చాక కాగితం మీద నాలుగున్నర దగ్గర చుక్కని కొట్టేసి, పక్కన 'ఇది లెన్సులో లేదు, నా కంట్లో ఉంది' అని రాసి సంతకం పెట్టి అతనికిచ్చాను. ఇక అయిపోయిందనుకున్నాను. అతని భార్య ఆ కాగితం చేతికి తీసుకుని చదివింది.

"ఇది బీరువాలో ఎట్టుకోడానికేనా? ఆళ్ళందరూ బూజోడని నవ్వినారు గదా. ఆళ్ళెక్కడ సదువుతారు దీన్ని?"

అతను నేల చూశాడు.

మా ఫోటోగ్రాఫర్లకి ఫోనులో ఒక గ్రూపు ఉంది. నూట పన్నెండు మంది. నేను అందులో తేదీలూ, ఏ లెన్సు ఖాళీగా ఉందో తప్ప ఏమీ పెట్టను. వాళ్ళ వాకిట్లో నిలబడి ఫోను నోటి దగ్గర పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాను. మొదటిసారి గేదె అరిచింది. రెండోసారి నేనే నెల పేరు తప్పు చెప్పాను. మూడోసారి చెప్పాను. మాఘంలో నేను చూపించిన చుక్క లెన్సులో లేదని, నా కుడికంట్లో శుక్లమని, పొందూరు నుంచి ఏ బూజూ రాలేదని, ఆ మాట అన్నది నేనేనని. నలభై సెకన్లు వచ్చింది. పంపేశాను. అతని భార్య చేట పక్కన పెట్టి మజ్జిగ తెచ్చింది.

రైల్లో ఉండగానే జవాబులు వచ్చాయి. మొదటిది గరివిడి కుర్రాడిది. "అయితే మావా, మా సుక్కలు కూడా నీ కంట్లోవేనేటి?" దాని కింద నవ్వే బొమ్మలు పదిహేడు.

వాళ్ళని తప్పుపట్టలేను. శ్రావణం పెళ్ళిళ్ళు మొదలయ్యాక సంతకం పెట్టమంటే ముగ్గురు పెట్టలేదు. ఇద్దరు అద్దెకి విశాఖపట్నం వెళ్తున్నారు. మిగిలినవాళ్ళు నేను చూశాక తామూ ఒకసారి చూస్తామంటున్నారు. చూడనిస్తున్నాను. నల్ల అట్ట తీసి పారేయలేదు గానీ లెన్సుని రెండుసార్లు తిప్పుతున్నాను, రెండు కళ్ళతోనూ చూస్తున్నాను.

శ్రావణంలో మొదటి ముహూర్తానికి అతను వచ్చాడు. టీకొట్టు దగ్గర ఆగకుండా నేరుగా వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఎవరూ సంచి లాక్కోలేదు. ఎవరో జరిగి చోటిచ్చారు. అతని వంతు వచ్చాక పాత లెన్సే పీటలో పెట్టాను. నేను చూసి ఏడు చుక్కలు చెప్పాను. అతను గడ్డం ఆనించి చూశాడు.

"రెండింటి కాడ ఇంకోటి ఉన్నాది మావా."

చూశాను. కుడికన్నుతో లేదు. ఎడమకన్నుతో లేదు. లెన్సు తిప్పి చూశాను. నాకేమీ కనబడలేదు.

"నిజంగా ఉన్నాదా?"

"తిప్పితే తిరుగుతన్నాది. సన్నది. నేను పట్టుకెళ్ళకముందే ఉన్నాదని రాయి."

వెనక ఇంకా నలుగురు ఉన్నారు. వాళ్ళలో ఒకడు ఆవులించాడు. నేను పెన్సిల్ తీసుకుని రెండు దగ్గర చుక్క పెట్టి, ఎనిమిది అని రాసి, కింద సంతకం చేశాను. అతను లెన్సుని సంచిలో సర్దుకుని వెళ్ళాడు.

ఇప్పుడు పెద్ద లెన్సుకి ఇరవై రెండు నిమిషాలు పడుతోంది.